జానెడు సందు

పర్చూరుకి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఆ ఊరికి సముద్రం కనపడదు, వినపడదు. నల్లరేగడి చేలల్లో నిలబడి ఎటు చూసినా పత్తి, మిరప, పొగాకు. ఎండుచేపలమ్మే ఆడవాళ్ళు చీరాల బస్సు దిగినప్పుడు గంపల్లోంచి వచ్చే వాసనే ఆ ఊరు ఎరిగిన సముద్రం. అందుకే ఆ ఆదివారం, సముద్రం ఊళ్ళ మీదికి వచ్చిందని బస్సు కండక్టరు చెప్పిపోతే, చేలో పత్తి తీస్తున్న వెంకటేశ్వరమ్మకు మొదట అర్థం కాలేదు. రావడానికి అదేమన్నా మనిషా అనుకుంది.

మధ్యాహ్నానికి టీవీలో చూపించారు. ఒడిలో పత్తి ఒడిలోనే ఉంచుకుని, నిలబడి చూసింది. చూసి ఇంటికి వెళ్ళి, కాళ్ళు కడుక్కుని, దేవుడి దగ్గర దీపం పెట్టి, ఇంటింటికీ బయల్దేరింది.

ఆమె ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడి ఎరగదు. భర్త పోయి నాలుగేళ్ళు. గుమ్మంలో నిలబడి, "అమ్మా, కట్టుకోను గుడ్డ లేకుండా ఉన్నారంట" అంటే చాలు, బీరువాలు తెరిచారు. సాయంత్రానికి రామాలయం అరుగంతా చీరలూ పంచెలూ దుప్పట్లూ. మిషను కుట్టే గుల్జార్ బేగం జాకెట్లివ్వలేదు. కొలతలు తెలియకుండా జాకెట్లిచ్చి ఏం లాభం వదినా, లంగాకయితే బొందుంటుంది, లావు వాళ్ళకీ సన్నం వాళ్ళకీ ఒకటే అని, రాత్రికి రాత్రి పాతిక లంగాలు కుట్టి, అన్నిటికీ తన దగ్గర మిగిలిన నారింజ రంగు గుడ్డతో బొందులు ఎక్కించింది. ఆ రంగు చూస్తే చేపలు కూడా పారిపోతాయిలే అని నవ్వించింది. మూటలు కట్టేటప్పుడు ఎవరో మిరపకాయల గోతాలు తెస్తే వెంకటేశ్వరమ్మ వద్దంది. ఉప్పునీళ్ళకి ఒరుసుకుపోయిన ఒళ్ళు, కారం ఘాటు తగిలితే మండదా అంది. శుభ్రమైన పత్తి బోరేలు తెప్పించి వాటిలోకి సర్దించింది.

సోమవారం పులిహోర పొట్లాలూ, సర్దినన్ని బట్టలూ ట్రాక్టరులో వేసుకుని తమ్ముడు శివనాగరాజుతో కలిసి తీరానికి వెళ్ళింది. తమ్ముడంటే తమ్ముడు కాదు, కొడుకే. అమ్మ పోయేనాటికి వాడికి ఏడేళ్ళు. అమ్మ చీర కొంగు నోట్లో పెట్టుకుంటే గానీ నిద్రపోయేవాడు కాదు. వెంకటేశ్వరమ్మ కాపురానికి వస్తూ ఒక చేత్తో పెట్టె, ఒక చేత్తో వాణ్ణి పట్టుకుని ఈ ఊరొచ్చింది. పెంచింది, పెళ్ళి చేసింది, పక్కనే ఇల్లు కట్టించింది.

పల్లెలో బట్టలూ పొట్లాలూ పంచడం పూర్తయ్యేసరికి పొద్దు వాలింది. పల్లె చివర ఇసుకలో పాత ఉప్పు కొట్టు ఒకటి మిగిలి ఉంది. మట్టితో కట్టిన ఇటుక గోడలు నీళ్ళు తాగి ఉబ్బి ఉన్నాయి. ఆవిడ దాని పక్కగా నడుస్తుంటే లోపల్నుంచి "అక్కా" అని వినపడింది.

తలుపు జానెడు తెరుచుకుని ఉంది. లోపల చీకటి. ఆ సందులోంచి ఒక చెయ్యి మాత్రం బయటికి వచ్చింది, అరచెయ్యి పైకి. ముంజేతికి రెండే ఆకుపచ్చ గాజులు, ఒకదానికి బీట. నీళ్ళు తన ఒంటిమీద నూలుపోగు ఉంచలేదని, నిన్నటి నుంచి ఇందులోనే ఉన్నానని, తన మనిషి పడవ దగ్గరికి పోయి ఇంకా రాలేదని ఆ గొంతు చెప్పింది. నేనిక్కడున్నానని ఎవరికీ చెప్పొద్దక్కా, సిగ్గు అంది.

ట్రాక్టరులో ఒక్క చీర మిగల్లేదు. వెంకటేశ్వరమ్మ ఆ చేతిలో పొట్లం పెట్టింది, తన భుజం మీది తుండుగుడ్డ పెట్టింది. కట్టుకున్న చీర సగం చించి ఇవ్వచ్చని ఆ క్షణాన తట్టలేదు. అది ఎందుకు తట్టలేదో తర్వాత ఎన్నిసార్లు తల్చుకుందో.

"రేపు పొద్దున్నే చీర పంపిస్తానమ్మా," అంది. "నేనైనా వస్తాను, నా తమ్ముడైనా వస్తాడు. అప్పటిదాకా లోపలే ఉండు. బయటికి రాకు."

"తెస్తావుగా అక్కా?"

"దేవుడి మీద ఆన."

ఆ రాత్రి పెట్టె అడుగునుంచి అమ్మ చీర తీసింది. చీరాల నేత, తెల్లటి ఒళ్ళు, ఎర్రంచు. నాలుగు కొసలకీ పసుపు పెట్టి, దేవుడి ముందుంచి, ఇది ఆమెదే అని మనసులో అనుకుంది. ఒక మనిషి పేరున పసుపు పెట్టిన బట్ట ఇంకొకరు దాచుకోకూడదు, కట్టుకోకూడదు. అది ఆ ఇంట్లో తరాలనాటి పట్టింపు. మంగళవారం తెల్లవారుజామున మిగతా బోరేలు ట్రాక్టరు నిండా ఎక్కించాక ఇంకో మనిషి కూర్చునే చోటు లేకపోయింది. ఉప్పు కొట్టు సంగతి తమ్ముడొక్కడికే చెప్పి, చీర వాడి చేతుల్లో పెట్టింది.

సాయంత్రం శివనాగరాజు వచ్చి అక్క పెట్టిన అన్నం తిన్నాడు. మజ్జిగ పోసుకుంటూ, తలెత్తకుండా చెప్పాడు.

"ఇచ్చానక్కా. చేతికే ఇచ్చా. నీకు దణ్ణం చెప్పమంది."

వెంకటేశ్వరమ్మ కళ్ళొత్తుకుంది.

గురువారం మధ్యాహ్నం సముద్రం మళ్ళీ వస్తోందని పుకారు లేచింది. తీరమంతా ఖాళీ అయి, లారీల్లో, ట్రాక్టర్లలో జనం లోపలి ఊళ్ళకి పరిగెత్తుకొచ్చారు. వీళ్ళ ఊరి బడి నిండిపోయింది. సముద్రం మాత్రం రాలేదు. వెంకటేశ్వరమ్మ అన్నం వడ్డిస్తూ ప్రతి ఆడమనిషి ఒంటి మీదా ఎర్రంచు కోసం వెతికింది. కనపడలేదు. వేరే లారీ ఎక్కి ఉంటుందిలే అనుకుంది.

దీపాలవేళ ఇంటికొచ్చింది. పెరట్లో తులసమ్మ దగ్గర పెట్టడానికి ప్రమిద వెలిగించి, వెనక తలుపు దాకా వెళ్ళింది. తడి ఇసుక వాసన. ఎండుచేపల గంపలోంచి వచ్చేది కాదు, ఇంకా పచ్చిది. ఎదురుగా తలుపు జానెడు తెరుచుకుని ఉంది.

ఆ సందులోంచి చెయ్యి లోపలికి వచ్చింది. అరచెయ్యి పైకి. వేళ్ళ చివర్లు నీళ్ళల్లో నానినట్టు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. రెండు ఆకుపచ్చ గాజులు.

వెంకటేశ్వరమ్మకు భయం వెయ్యలేదు. లారీల్లో వచ్చి, ఇల్లు కనుక్కుందనే అనుకుంది. రామ్మా లోపలికి అని పిలిచింది.

"ఎట్టా రాను అక్కా..." గొంతు చాలా మెల్లగా ఉంది. "చీర రాలేదుగా."

"ఇచ్చాడు కదమ్మా మా తమ్ముడు."

"రాలేదక్కా... లోపలే ఉన్నా."

"వాడు నాతో అబద్ధం ఆడడు తల్లీ," అంది వెంకటేశ్వరమ్మ.

చెయ్యి ఒక్కొక్క వేలే ముడుచుకుంది. నెమ్మదిగా వెనక్కి పోయింది. ప్రమిద పైకెత్తి చూసింది వెంకటేశ్వరమ్మ. తలుపు మూసే ఉంది. గడియ... వేసే ఉంది. పొద్దున తను వేసింది వేసినట్టే.

తెల్లవారితే శుక్రవారం. గడపకి పసుపు రాద్దామని గిన్నెతో వెళ్ళింది. పోయిన వారం రాసిన పసుపు అంతా అలాగే ఉంది, ఒక్కచోట తప్ప. అక్కడ జానెడు మేర పసుపు పోయి, తెల్లగా ఏదో పేరుకుని ఉంది. వేలితో తాకి నాలికకు రాసుకుంది.

ఉప్పు.

బడికి పరిగెత్తినట్టే నడిచింది. పల్లెకారు ముసలమ్మ ఒకామె నీళ్ళపంపు దగ్గర ఉంటే, ఉప్పు కొట్టులో మనిషి ఎక్కడుందని అడిగింది. ముసలమ్మ బిందె కింద పెట్టింది. నిన్న అందరం పరిగెత్తేటప్పుడు కొట్టు పక్కగా పోతుంటే లోపల దగ్గు వినపడిందనీ, అప్పటిదాకా అందులో మనిషి ఉన్నట్టే తమకు తెలియదనీ చెప్పింది. సముద్రం వస్తోంది రావే అని తలుపు కొట్టిందట. తన పైట తీసి ఇస్తానని కూడా అందట.

"రానంది. అక్క చీర తెస్తానంది, వచ్చేదాకా లోపలే ఉండమంది, దేవుడి మీద ఆనబెట్టింది అంది. మేం నాలుగడుగులు పోయామో లేదో గోడ కూలింది తల్లీ. సముద్రం ఎక్కడ వచ్చింది, వట్టి గోడే."

అది నిన్న మధ్యాహ్నం. వెనక తలుపు దగ్గరికి ఆమె వచ్చింది నిన్న దీపాలవేళ.

వెంకటేశ్వరమ్మ అక్కణ్ణుంచి ఇంటికి పోలేదు. తమ్ముడు పొలంలో ఉంటాడు. పొలం గట్టున పొగాకు కాల్చే బ్యారన్ ఉంది. రెండు మిద్దెలంత ఎత్తు, కిటికీలు లేని ఇటుక గోడలు, ఒకటే ఇనప తలుపు. పొగాకు కాల్పు ఇంకా మొదలు కాలేదు, ఈ రోజుల్లో అది ఖాళీగా ఉండాలి. తాళం తీసి ఉంది. లోపలికి అడుగుపెట్టగానే పాత పొగాకు వాసన గొంతులో గరగరలాడింది. చీకటికి కళ్ళు అలవాటుపడ్డాక కనపడ్డాయి. వరసగా, ఒకదాని మీద ఒకటి, పత్తి బోరేలు. ఒకదాని మూతి ఊడి ఉంది. దాంట్లోంచి నారింజ రంగు బొందులు వేలాడుతున్నాయి.

శివనాగరాజు వెనకాల నిలబడ్డాడు. అరవలేదు, బొంకలేదు. చిలకలూరిపేట వైపు ఒక మిల్లువాళ్ళు మిషన్లు తుడవడానికి పాతబట్ట కొంటారనీ, రేపు లారీ వస్తుందనీ చెప్పాడు. వాళ్ళకి గవర్నమెంటు ఎటూ ఇస్తుందిగా అక్కా అన్నాడు. అసలు తీరం దాకా వెళ్ళనే లేదన్నాడు.

అమ్మ చీర ఏదని అడిగింది.

"దాన్ని అమ్మబుద్ధి కాలేదక్కా. అమ్మది కదా." పైన పొగాకు తోరణాలు వేలాడదీసే వాసం చూపించాడు. "అదిగో, దాని మీద వేసి..."

వాసం ఖాళీగా ఉంది. దాని మీంచి చుక్కా చుక్కా నీళ్ళు కారుతున్నాయి. శివనాగరాజు మొహం పాలిపోయింది.

"నా మాటతో ఆమెను లోపల కూర్చోబెట్టాను," అంది వెంకటేశ్వరమ్మ, ఎప్పటిలాగే మెల్లగా. "నువ్వు బయట తాళం వేశావురా."

నలుగురు మనుషుల్ని పిలిచి బోరేలు ట్రాక్టరుకి ఎక్కించింది. నేనూ వస్తానక్కా అన్నాడు. వద్దులే నాయనా, నువ్వు ఉండు అంది. కొట్టినా తట్టుకునేవాడేమో. ఆ నాయనా అన్న పిలుపుకి బ్యారన్ గుమ్మంలో కూలబడిపోయాడు.

పుకారని తేలి తీరానికి తిరిగొచ్చిన జనానికి బట్టలన్నీ పంచింది. కూలిన గోడ దగ్గర పసుపు చల్లింది. ఆమెను అప్పటికే ఇసుకలో పూడ్చేశారు. ఏం కప్పి పూడ్చారని అడగడానికి నోరు రాలేదు.

తిరిగొచ్చేసరికి దీపాలవేళ. వెనక గడప మీద అమ్మ చీర ఉంది. నాలుగు మడతలుగా, తడిసి, ఉప్పు తేలి. నాలుగు కొసల పసుపూ చెక్కుచెదరలేదు. కొంగుకి ఒక ముడి వేసి ఉంది. విప్పింది. లోపల తడి ఇసుక, ఇసుకలో ఒక తాళంచెవి. దానికి నల్లటి మొలతాడు ముక్క వేలాడుతోంది. బ్యారన్ తాళంచెవి ఒకటే, అది శివనాగరాజు ఎప్పుడూ మొలతాడుకే కట్టుకుని ఉంటాడు.

అప్పుడే మరదలు రాజేశ్వరి గోడ దాటి వచ్చింది. ఆయన పొద్దుటి నుంచీ ఇంటికి రాలేదు వదినా అంది.

ఇద్దరూ చేలకి అడ్డంపడి పరిగెత్తారు. పత్తి కాయలు కాళ్ళకి గీసుకుంటున్నాయి. బ్యారన్ తలుపుకి తాళం... బయటి నుంచి వేసి ఉంది. వెంకటేశ్వరమ్మ ఇనుముకి చెవి ఆనించింది. లోపల అలల చప్పుడు. చాలా దూరంగా. ఈ ఊళ్ళో ఎన్నడూ ఎవరూ వినని చప్పుడు.

"శివా..."

"అక్కా." తమ్ముడి గొంతే. "తలుపు తియ్యొద్దక్కా. చీర తెస్తానంది... వచ్చేదాకా లోపలే ఉండమంది."

బతికే ఉన్నాడు వదినా, బతికే ఉన్నాడు అంటూ రాజేశ్వరి వెనకాల చతికిలబడి ఏడ్చింది. వెంకటేశ్వరమ్మ తాళం తీసింది. తలుపు తోసింది. జానెడు తెరుచుకుని ఆగిపోయింది. ఇంకా తోసింది. కదల్లేదు. వెనక ఇసుక మేట వేసినట్టుంది.

తడి చీర భుజాన వేసుకుని, ఆ సందు దగ్గర వంగింది.

"చెయ్యి ఇలా ఇవ్వరా. నేను లాగుతాను."

లోపల చీకట్లో ఏదో కదిలింది. మెల్లగా చెయ్యి బయటికి వచ్చింది. అరచెయ్యి పైకి.

"తెచ్చావా అక్కా?" అంది తమ్ముడి గొంతు.

ఆ చేతికి రెండు ఆకుపచ్చ గాజులున్నాయి. ఒకదానికి బీట.