మఠం నుంచి వచ్చేసిన కీర్తి

పొద్దున్నే ఇడ్లీ పిండి కలుపుతున్న ఇన్నమ్మ, గుమ్మంలో సంచీతో నిలబడ్డ కూతుర్ని చూసి గరిటె వదిలేసింది.

కీర్తి దేవదుర్గ దగ్గర క్రైస్తవ మఠంలో చేరి రెండేళ్లయింది. అక్కడి సిస్టర్లు బడులూ ఆసుపత్రులూ నడపరు. గడప దాటకుండా, మౌనంగా ప్రార్థన చేసుకుంటూ, చర్చీల్లో పూజప్పుడు పంచే అప్పాలు కాల్చి ఇస్తూ బతుకుతారు. వెళ్లొద్దని ఆనాడు ఇన్నమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. తర్వాత తాముండే పవర్‌స్టేషన్ కాలనీలో అందరూ "బిడ్డను దేవుడికిచ్చిన తల్లి" అంటుంటే ఆ గౌరవానికి అలవాటుపడిపోయింది.

"వచ్చేశానమ్మా. సిస్టర్‌గా ప్రమాణం చేసే రోజు దగ్గరపడింది. నావల్ల కాలేదు."

"ఏం తప్పు చేశావే? వెళ్లగొట్టారా?"

"లేదు."

"మరెందుకు?"

"తెలీట్లేదమ్మా."

"ముందు లోపలికి రానీవే," అన్నాడు తండ్రి బాలశౌరి.

ఇన్నమ్మకు ఏమీ పాలుపోలేదు. తను కోరుకున్నది ఇదే కదా! మరి ఈ సిగ్గెందుకు? ఉండబట్టలేక, అసలు సంగతి కనుక్కుందామని కూతుర్ని వెంటబెట్టుకుని అప్పటికప్పుడు దేవదుర్గ బస్సెక్కింది.

మఠం గేటు బయటే కీర్తి కూర్చుండిపోయింది. కావలి ఉండే చెన్నవ్వ ఇన్నమ్మ చెయ్యి పట్టుకుంది. "పోరి ఏం తప్పు చేయలేదమ్మా. నువ్వు లోపలికి పోయి మదర్‌నే అడుగు."

బయటివాళ్లతో మాట్లాడే గదిలో, కటకటాల అవతల మఠం పెద్ద అయిన ముసలి మదర్ కూర్చుని ఉంది.

"నా బిడ్డను ఎందుకు పంపేశారు?"

"మేం పంపలేదు, ఆపలేదు. నలభై ఏళ్ల కిందట ఐదుగురం ఈ బీడు భూమికి వచ్చాం. తాగడానికి నీళ్లుండేవి కావు. ఏడాది తిరక్కుండా ముగ్గురం ఇళ్లకు బయలుదేరాం. ఇద్దరికి తలుపులు తెరుచుకున్నాయి. మూడో పిల్లను వాళ్లమ్మ పరువు పోతుందని గుమ్మంలోంచే వెనక్కి పంపింది."

"ఆ పిల్ల ఏమైంది?"

"మీ ఎదురుగా ఉందమ్మా. తర్వాత దేవుడు నన్ను చేరదీశాడు, నిజమే. కానీ ఆ రోజు మా అమ్మ మొహం ఇప్పటికీ మర్చిపోలేదు."

ఇన్నమ్మ గబగబా గేటు వైపు నడిచింది. పొద్దున తన మొహం కూతురికి ఎలా కనబడిందో?

గేటు బయట కీర్తి లేచి నిలబడింది. "ఉండిపొమ్మన్నారా అమ్మా?"

"నీకేమనిపిస్తోంది తల్లీ?"

"నాకే అర్థం కావట్లేదు."

"నాకూ అంతే," అంటూ ఇన్నమ్మ బిడ్డను గుండెలకు హత్తుకుని బావురుమంది. "ఇంటికెళ్దాం పద. అర్థమయ్యేదాకా నా దగ్గరే ఉండు."