ఒక్క చిల్లు

ఓడరేవు మెట్ల మీద రెండో కొరియర్ కూలిపోయినప్పుడు అతని చేతిలో గొడుగు ఇంకా తెరిచే ఉంది. తూటా చప్పుడు ఎవరికీ వినపడలేదు. అతను ఏ గేటుకు, ఎన్ని గంటలకు వస్తాడో కాల్చినవాడికి ముందే తెలుసు.

మర్నాడు ఉదయం చీఫ్ ఆ ఫైలును సూది ముందుకు తోశాడు. ఆమె అసలు పేరు డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ వాడరు. సన్నగా ఉంటుంది, తక్కువ మాట్లాడుతుంది, గుచ్చవలసిన చోట గుచ్చుతుంది.

"ఆ అత్తరు అనే మనిషే మన రహస్యాలు అమ్ముతోందని నా అనుమానం. ఇవాళ అయిదింటికి మూడో కొరియర్ బయలుదేరాలి," అన్నాడు చీఫ్.

మూడో కొరియర్ సూది తమ్ముడు. పైకి గడియారాలు బాగుచేసేవాడు.

ఆమె ముందుగా చిల్లులు పొడిచిన పాత కాగితం టేపులు తీసింది. సందేశాలను రహస్య లిపిలోకి మార్చే సైఫర్ మెషిన్ చేసే పని చిన్నదే. రహస్య కీ, స్టార్ట్ నంబర్, ఈ రెంటి నుంచి అంతులేని చిల్లుల వరస పుట్టించి సందేశంలో కలుపుతుంది. అలా వచ్చిన టేపు బయటివాళ్లకు అర్థం కాదు. షరతు ఒకటే. ఒకసారి వాడిన స్టార్ట్ నంబర్ మళ్లీ వాడకూడదు. వాడితే రెండు సందేశాల్లోనూ ఒకే వరస కలుస్తుంది. ఒక సందేశం తెలిసినవాడు ఆ వరసను ఊడదీసి రెండోదీ చదివేస్తాడు.

కొరియర్లు చచ్చిన రెండు రోజుల్లోనూ, పొద్దున పంపిన టెస్ట్ మెసేజ్‌కీ మధ్యాహ్నం పంపిన ఆర్డర్‌కీ స్టార్ట్ నంబర్ ఒకటే.

మెషిన్ బ్యాటరీ తీసి పెడితే స్టార్ట్ నంబర్ ఇచ్చే కౌంటర్ మళ్లీ ఒకటికి వస్తుంది. బ్యాటరీ మూతకు తాళంచెవులు రెండు. ఒకటి సూది దగ్గర, రెండోది సైఫర్ రూమ్ మేడమ్ దగ్గర. మూత వదులైందేమోనని సూది అనుకుంది. అలా అనుకోవాలని ఆమెకు చాలా ఉంది. పల్లెటూరి బడి నుంచి నేరుగా వచ్చిన పిల్లకు అంకెలు, టేపులు, అబద్ధాలాడటం, అన్నీ నేర్పింది ఆ మేడమే.

మధ్యాహ్నం రెండింటికి సూది బ్యూటీ పార్లర్ యూనిఫాం వేసుకుని, నెత్తిన విగ్గుతో, అద్దం ముందు కూర్చున్న అత్తరు వెనక నిలబడింది. రెండు దేశాల జీతం తింటూ రెండింటికీ నవ్వు పంచే మనిషి అత్తరు.

"జుట్టు తెగ రాలుతోంది," అంది అత్తరు.

"నీళ్లు మార్చి చూడండి," అంది సూది. కోడ్ మాట కుదిరింది.

అత్తరు లిప్‌స్టిక్ మూత తిప్పి అందులోంచి చిన్న కాగితం చుట్ట తీసింది. శత్రువుల డీకోడింగ్ బల్ల మీదిదట. "మీ కీ ఎవరూ దొంగిలించలేదు చెల్లీ. మీవాళ్లలోనే ఎవరో ఈ ముక్క ఇచ్చి ఊరుకున్నారు. చదివి ఏడవకు, నా జుట్టు పాడవుతుంది."

కాగితం మీద ఒకే వాక్యం ఉంది. 'మా ఇంటి గడియారం అయిదు నిమిషాలు ముందుకు నడుస్తోంది, ఎన్నిసార్లు సరిచేసినా అంతే.' మేడమ్ రోజూ పంపే టెస్ట్ మెసేజ్. రోజుకొకటి మార్చాలని రూలు. ఆవిడ ఏనాడూ మార్చలేదు, పెద్దావిడ కదా అని ఎవరూ అడగలేదు. గుండ్రటి చేతిరాత ఆవిడదే. తేదీ మొదటి హత్యకు రెండు రోజుల ముందుది.

ఒక్కసారి ఈ కాగితం ఇస్తే చాలు. తర్వాత ఎవరినీ కలవక్కర్లేదు. చంపవలసిన రోజున టెస్ట్‌కు ముందూ ఆర్డర్‌కు ముందూ బ్యాటరీ తీసి పెడితే సరిపోతుంది.

నాలుగుకు అయిదు నిమిషాలుండగా సూది ట్రాన్స్‌మిటర్ గదిలోకి వచ్చింది. నాలుగింటికి పోవలసిన ఆర్డర్ టేపు ట్రేలో ఉంది. అందులోని గేటు నంబరు మూడు అని చీఫ్ ఆమెకు అప్పుడే చెప్పాడు. స్టార్ట్ నంబర్ పొద్దుటిదే.

"ఆపేద్దామా?" అన్నాడు చీఫ్, కాగితం చూసి.

సూది తల అడ్డంగా ఊపింది. సరిగ్గా నాలుగింటికి ఆర్డర్ రాకపోతే తమ్ముడు పాత గేటుకే వెళ్తాడు. ఆ గేటు వాళ్లకు తెలుసు. కొత్త టేపు తయారవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది.

"ఏడో గేటుకు మనవాళ్లను పంపించండి సార్."

మూడు అంకెకూ ఏడు అంకెకూ టేపు మీద తేడా ఒక్క చిల్లు. టేపులో చిల్లు మారితే విప్పాక అంకె కూడా మారుతుంది, అందుకు కీ తెలియనక్కర్లేదు. ఆర్డర్‌లో మొదటి అంకె గేటుదే. ఆమె జడలోంచి సూది తీసి, గడియారం నాలుగు కొట్టే ముందు, ఆ చోట పొడిచింది. టేపు కదిలిపోయింది.

తలుపు దగ్గర మేడమ్ నిలబడి చూస్తోంది.

"ఏం చేశావమ్మాయ్? వాడు కూడా ఏడో గేటుకే వెళ్తాడుగా."

"వెళ్లడండీ. పోయిన నెల నేను చెక్ నంబర్ పెట్టాను. మీరు అదనపు చాకిరీ అని పట్టించుకోలేదు. టేపులో ఒక్క చిల్లు మారినా అది కుదరదు. కుదరకపోతే గది దాటొద్దని వాడికి ఆర్డర్. మీ వాళ్లకు ఆ సంగతి తెలియదు."

మేడమ్ మామూలు గొంతుతోనే అంది. "నా కుర్చీ నీకిస్తున్నారని తెలుసా?"

"తెలుసు. వద్దని రాసిచ్చాను. పోయిన సోమవారం."

మేడమ్ చీఫ్ వైపు చూసింది. ఆ సంగతి ఆవిడకు చెప్పని ఆయన తల దించుకున్నాడు.

"వాడు మీ ఇంట్లో అన్నం తిన్నాడండీ," అంది సూది. మేడమ్ బ్యాటరీ మూత తాళంచెవి తీసి బల్ల మీద పెట్టి, కాపలావాళ్ల ముందు నడిచి వెళ్లింది.

అయిదుంపావుకు ఏడో గేటు దగ్గర నలుగురు తుపాకులతో సహా దొరికారని ఫోను వచ్చింది. ఆ వెంటనే మెషిన్ టకటకలాడింది. తమ్ముడు.

'చెక్ కుదరలేదు. గదిలోనే ఉన్నాను. టీ పొడి అయిపోయింది. పొద్దున మళ్లీ గడియారం గోడు వచ్చింది, వచ్చే వారం బాగుచేస్తానని మేడమ్‌కు చెప్పు అక్కా.'

సూది బ్యాటరీ మూతకు తాళం వేసి, కొత్త స్టార్ట్ నంబర్ పెట్టి, జవాబు కొట్టింది.

'ఆ గడియారానికి ఇక తొందరేం లేదు.'