తట్టినా తిరిగి తట్టకు

పెటిట్ మార్గో దీవిలో పొద్దుగూకాక, సముద్రంలోకి పొడుచుకొచ్చిన దక్షిణపు కొమ్ము వైపు ఏ పడవా లంగరు వెయ్యదు.

పగలైతే ఫర్వాలేదు. పగలు అక్కడ చేపల బుట్టలు దించుతారు, శంఖాలు ఏరుతారు, రిసార్టుకొచ్చిన వాళ్లని గాలి సిలిండర్లు కట్టి స్కూబాకి దింపుతారు. కానీ సూర్యుడు నీళ్లలోకి జారాడంటే చాలు... ఎంత మొండి జాలరైనా తాడు లాగేసుకుని ఇంటిదారి పడతాడు. ఎందుకంటే ఆ వేళకి పడవ అడుగు నుంచి వినిపిస్తుంది —

టక్... టక్... టక్...

ఎవరో తలుపు తట్టినట్టు.

అక్కడ అడుగున లేడీ రోసలిన్ ఉంది. ఒకప్పుడు ఈ దీవికీ పెద్ద దీవికీ మధ్య జనాన్ని చేరవేసిన పడవ. ఒక కార్నివాల్ సాయంత్రం, పండగ చూసి తిరిగొచ్చే వాళ్లతో కిక్కిరిసి వస్తూ, కొమ్ము దగ్గర గాలివానకి చిక్కింది. బోర్లాపడింది. వెంటనే మునగలేదు, బోర్లించిన గిన్నెలా తేలుతూ ఉండిపోయింది. ఊళ్లో మగవాళ్లంతా తెడ్లు వేసుకుంటూ వెళ్లి దాని వీపు మీదకెక్కారు. లోపలి నుంచి తట్టడం వినిపించింది.

బతికే ఉన్నారు!

వీళ్లు పిడికిళ్లతో, తెడ్లతో తిరిగి తట్టారు. ఉన్నాం, వస్తున్నాం, భయపడకండి అని. లోపలివాళ్లకి ప్రాణం లేచొచ్చి ఇంకా గట్టిగా తట్టారు. గొడ్డళ్లు తెచ్చేలోగా... ఒక్క గుటకలో పడవ కిందికి పోయింది.

అప్పట్నుంచి దీవిలో ఒకటే మాట. కొమ్ము దగ్గర తట్టడం వినపడితే తిరిగి తట్టకూడదు. తట్టావా, మాట ఇచ్చినట్టే. వస్తావని వాళ్లు ఎదురుచూస్తారు.

ఇక జసింటా సంగతి. రిసార్టులో స్కూబాకి తీసుకెళ్లేది ఆ అమ్మాయే. నేల మీదకంటే నీళ్లలోనే ఎక్కువ బతికిన మనిషి. లేడీ రోసలిన్ చుట్టూ ఎంతమందిని తిప్పిందో లెక్కలేదు. కిటికీలు చూపిస్తుంది, పడవ ముక్కుమీద మొలిచిన పగడాలు చూపిస్తుంది. తలుపు దాటి లోపలికి మాత్రం ఒక్కనాడూ వెళ్లలేదు.

జసింటా తల్లి వెరోనా ఆ పడవలోనే ఉంది. పిల్ల అప్పటికి ఇంకా నడక కూడా నేర్వలేదు. చంకదించి అమ్మమ్మ యులాలీ చేతిలో పెట్టి, "సాయంత్రానికల్లా వచ్చేస్తానమ్మా" అని వెళ్లింది. చాలామంది శవాలు ఒడ్డుకొచ్చాయి. వెరోనా రాలేదు.

ఇన్నేళ్ల తర్వాత ఒక సాయంత్రం, రిసార్టు పడవలో నలుగురున్నారు. చుక్కాని దగ్గర ముసలి థియో మామ. ముందు జసింటా. మధ్యలో బార్బడోస్ నుంచి సెలవులకొచ్చిన సెల్విన్, అతని భార్య మార్వా. సెల్విన్ పళ్ల డాక్టరు, నోరూరుకోని మనిషి. చీకటి పడ్డాక బయటికొచ్చే ఆక్టోపస్‌లని చూడాలని పట్టుపట్టాడు. అది కొమ్ముకి చాలా ఇవతల, ఉప్పుదిబ్బ దగ్గరే కదా అని జసింటా ఒప్పుకుంది. థియో మామ మాత్రం దారి పొడవునా గొణుగుతూనే ఉన్నాడు.

"ఏంటి మామా, మొహం అలా పెట్టావ్? పంటి నొప్పా? నోరు తెరువు, ఇక్కడే పీకేస్తాను," అన్నాడు సెల్విన్.

"నా పళ్లు నేనే పీక్కుంటాను డాక్టరుగారూ. మీరు మాత్రం నీళ్లలో ఎవరైనా తడితే... తిరిగి తట్టకండి."

"మామా!" జసింటా కళ్లతోనే వారించింది. అతిథులకి ఇలాంటివి చెబితే రిసార్టు యజమాని లెనాక్స్ ఊరుకోడు.

"ఓహో, జంబీలా?" సెల్విన్ కడుపుబ్బ నవ్వాడు. "మా ఊళ్లో డప్పీలంటాం. అవి తలుపులు తట్టవు మామా, మా అత్తగారిలాగా నేరుగా లోపలికొచ్చేస్తాయి."

మార్వా మోచేత్తో పొడిచింది. "ఊరుకాని ఊళ్లో వాళ్ల దెయ్యాల మీద హాస్యాలేంటి? నోరు మూసుకుని గాలి గొట్టం పెట్టుకోండి."

జసింటా ఇద్దరి పట్టీలూ లాగి చూసింది. "నా వెనకే రండి. పిలవాలంటే టార్చితో సిలిండరు మీద కొట్టండి, నేను చూస్తాను," అని చెప్పింది. రోజూ చెప్పే మాటే. నోటికొచ్చేసింది.

ముగ్గురూ వెనక్కి వాలి నీళ్లలో పడ్డారు.

మొదట అంతా బాగానే ఉంది. పైన ఇంకా నారింజ రంగు మిగిలుంది. రాళ్ల సందులోంచి ఆక్టోపస్ ఒకటి బయటికొచ్చి, టార్చి వెలుగులో ఎరుపెక్కి, తెల్లబడి, మళ్లీ రాయి రంగులోకి మారిపోయింది. సెల్విన్ చంటిపిల్లాడిలా చప్పట్లు కొట్టబోయాడు.

అప్పుడు నీరు లాగడం మొదలుపెట్టింది.

ముందు మెల్లగా... చొక్కా అంచు పట్టి లాగినట్టు. తర్వాత గట్టిగా. ఆ వేళ కొమ్ము వైపు లాగకూడదు. జసింటా ఇన్నేళ్లలో అలా ఎన్నడూ చూడలేదు. ఒక పగడపు కొమ్మ పట్టుకుని ఇద్దరికీ ఆగమని సైగ చేసింది. పైకి వెళ్దాం అని బొటనవేలు ఎత్తింది.

టక్... టక్... టక్...

నీళ్లలో చప్పుడు ఎటునుంచి వచ్చిందో తెలియదు. ఎక్కడ కొట్టినా చెవి పక్కనే కొట్టినట్టుంటుంది. అందుకే సెల్విన్ ముందు భార్య వైపు చూశాడు, తర్వాత జసింటా వైపు చూశాడు. చీకట్లో తనని ఎవరో పిలుస్తున్నారనుకున్నాడు పాపం. టార్చి ఎత్తి —

జసింటా చెయ్యి ఊపింది. వద్దు. వద్దు!

టక్. టక్. టక్. సిలిండరు మీద కొట్టేశాడు.

ఒక్క క్షణం... సముద్రం మొత్తం ఊపిరి బిగబట్టినట్టయింది. రొయ్యల చిటపటలు కూడా ఆగిపోయాయి.

ఆ తర్వాత మొదలైంది. ఒక చెయ్యి కాదు, పది చేతులు, వంద చేతులు. అరచేతులు, పిడికిళ్లు, చెప్పులు... ఇనుము మీద దబదబమని, వర్షంలా. జసింటా పళ్లు ఆ చప్పుడికి అదిరాయి. తల తిప్పేసరికి సెల్విన్ టార్చి దూరంగా, చిన్నగా, కొమ్ము వైపు పోతోంది.

జసింటా మార్వా చెయ్యి పట్టుకుని అతని వెనక ఈదింది. ఈదడం ఎందుకనాలి? నీరే తీసుకెళ్లింది.

లేడీ రోసలిన్ చీకట్లోంచి లేచింది. పగలు చూసిన పడవ కాదది. పక్కకి ఒరిగిన గోడ, వరసగా కిటికీలు, నల్లటి తలుపు. ఆ తలుపులోంచి సన్నగా వెలుగు. సెల్విన్ టార్చి... లోపలుంది.

జసింటా తలుపు అంచు పట్టుకుని ఆగిపోయింది. లోపలికి వెళ్లే ధైర్యం చాలలేదు. లోపల చప్పుడు చెవులు చిల్లులు పడేలా ఉంది. ఆ చేతుల్లో ఒకటి తనని ఎత్తుకున్న చెయ్యి... ఆ ఆలోచన వచ్చిందో లేదో, దాన్ని పక్కకి నెట్టేసి, మార్వాని తలుపు దగ్గర నిలబెట్టింది. టార్చి లోపలికి చూపించమని, కదలొద్దని సైగ చేసింది. మార్వా నిబ్బరం గల మనిషి. తల ఊపింది.

జసింటా లోపలికి వెళ్లింది.

ఆమె గడప దాటగానే చప్పుడంతా ఆగిపోయింది.

లోపల సీట్ల వరసలు పక్కకి వాలి గోడకి వేలాడుతున్నాయి. వాటి మధ్య సెల్విన్ గిలగిలా కొట్టుకుంటున్నాడు. సిలిండరు పట్టీ సీటు ఇనుములో ఇరుక్కుంది. కళ్లు మాస్కు అద్దం నిండా ఉన్నాయి. జసింటా అతని గాలి మీటరు ముల్లు చూసింది. ఎర్రగీత దాటేసింది. తన దగ్గరున్న రెండో గొట్టం అతని నోట్లో కుక్కి, కత్తితో పట్టీ కోసింది. అతను వదులై ఒక్కసారిగా కాళ్లు ఆడించాడు. అంతే, ఏళ్ల తరబడి పేరుకున్న బురద లేచింది. పాలలో మునిగినట్టయింది. తన చెయ్యి తనకే కనపడలేదు. మార్వా టార్చి వెలుగు లేదు. పైనేదో, కిందేదో, తలుపేదో తెలియలేదు.

ఒక్కరి గాలి ఇద్దరు పీలుస్తున్నారు. అది ఎంతోసేపు రాదు.

జసింటా గోడ తడిమింది. సీటు తగిలింది. ఇంకోవైపు తడిమింది. ఇంకో సీటు. ఇదే కదా వాళ్లకీ జరిగింది, అనుకుంది. ఇలాగే తడుముకుని...

టక్.

ఒక్కటే. మెత్తగా. గోడకి అవతలి వైపు నుంచి.

టక్... మళ్లీ. కొంచెం ఎడమకి.

నీళ్లలో చప్పుడికి దిక్కుండదని చెప్పాను కదా. ఆ చప్పుడికి మాత్రం ఉంది. ఎంత స్పష్టంగా ఉందంటే, చీకటి వంటింట్లో అమ్మ పిలిస్తే నడిచినట్టు, జసింటా కళ్లు మూసుకుని దాని వెంట పోయింది. సెల్విన్‌ని జాకెట్ పట్టి ఈడ్చుకుంటూ పోయింది. టక్... టక్... చెయ్యి గాలిలోకి, కాదు, ఖాళీ నీళ్లలోకి వెళ్లింది. తలుపు!

మార్వా టార్చి మొహాన పడింది.

పైకి తేలేసరికి థియో మామ పడవ అక్కడే ఉంది. చీకటి పడ్డాక కొమ్ము దగ్గరికి రానని ఒట్టేసుకున్న మనిషి, నీళ్లలో టార్చి వెలుగుల వెంట వచ్చేశాడు. ఒక్కొక్కరినీ పడవలోకి లాగాడు. సెల్విన్ బోర్లా పడి దగ్గాడు, కక్కాడు, భార్య ఒళ్లో తల పెట్టి ఏడ్చాడు.

"లోపలికెందుకు వెళ్లారండీ?" మార్వా వీపు రాస్తూ అడిగింది.

"నువ్వే కదా చెయ్యి ఊపి పిలిచావు... తలుపు దగ్గర నిలబడి..."

మార్వా తల అడ్డంగా ఊపింది. జసింటా ఆమె చెయ్యి పట్టుకుంది. "మీరు గోడ మీద తట్టి దారి చూపించకపోతే మేం లోపలే ఉండిపోయేవాళ్లం మార్వా గారూ."

మార్వా తలెత్తి చూసింది.

"నేను తట్టలేదు."

"మరి..."

"రెండు చేతులతో టార్చి పట్టుకునే ఉన్నాను. నువ్వు లోపలికెళ్లావు, చప్పుడాగిపోయింది. తర్వాత... నా పక్క నుంచి ఏదో దాటింది. చల్లగా. లోపల్నుంచి బయటికి. ఆ తర్వాతే గోడకి బయటవైపు తట్టడం వినిపించింది." గొంతు తగ్గించింది. "మీరు బయటికి రాగానే అటు టార్చి వేశాను. అక్కడెవరూ లేరు."

థియో మామ గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని ఇంజను తిప్పాడు.

రేవులో దిగాక జసింటాని పక్కకి పిలిచాడు. "ఇంటికెళ్లి గుమ్మంలోకి వెనక్కి నడు. దారి వైపే చూస్తూ లోపలికి వెళ్లు. నీ మొహం చూస్తే వెంట వచ్చేదేదీ లోపలికి రాదు. విన్నావా?"

"వెంట ఏమొస్తుంది మామా?"

ముసలాయన తాళ్లు చుట్టుకోవడంలో పడ్డాడు.

గుట్ట మీద అమ్మమ్మ ఇల్లు. కిటికీలో దీపం. లోపలి నుంచి కోకో టీ వాసన, జాజికాయ ఘాటు. మామూలు సాయంత్రాల్లాగే ఉంది. జసింటాకి తన మీద తనకే నవ్వొచ్చింది. అయినా తిరిగి నిలబడి, దారినే చూస్తూ, ఒక్కో అడుగూ వెనక్కి వేసింది. బ్రెడ్‌ఫ్రూట్ చెట్టు నీడ. కట్టేసిన మేక. ఖాళీ దారి. ఎవరూ రాలేదు. ఏమీ రాలేదు. తలుపు మూసి, గడియ పెట్టి, వీపు ఆనించి కళ్లు మూసుకుంది. హమ్మయ్య.

"చప్పుడు చెయ్యకే," అంది అమ్మమ్మ యులాలీ.

టేబుల్ దగ్గర కూర్చునుంది ముసలమ్మ. మతిపోయిన మనిషి కాదు, ఇప్పటికీ సూదిలో దారం తనే ఎక్కించుకుంటుంది. మొహం మాత్రం జసింటా ఎన్నడూ చూడనంత వెలిగిపోతోంది. ఒళ్లో తడిసి ముద్దయిన తువ్వాలు.

"ఏంటమ్మమ్మా ఆ తువ్వాలు?"

"దాని జుట్టు తుడిచాను. ఎంత తుడిచినా ఉప్పు వదలడం లేదు." తల లోపలి గది వైపు తిప్పింది. "ఇప్పుడే వేడిగా కోకో టీ తాగించి పడుకోబెట్టాను. నువ్వు ఒక్కసారిగా ఎదురుపడకు తల్లీ. నిన్ను గుర్తుపట్టదు పాపం, చంటిదానివప్పుడు వదిలెళ్లింది..."

లోపలి గది తలుపు ఓరగా తీసుంది. తలుపు కింద నుంచి నీళ్లు సన్నగా పాకుతున్నాయి.

గదిలో మంచం కిర్రుమంది.

"అమ్మా..." ఆడగొంతు. లేతగా ఉంది, జసింటా కంటే చిన్నపిల్ల గొంతులా. "ఎవరమ్మా వచ్చింది?"