ఛాయాదేవి గారి సౌండ్ కార్డు

ఫరీదాబాద్‌లోని ఆ సెక్టార్లో తెలుగువాళ్ళ ఇళ్ళు ఏడో ఎనిమిదో ఉంటాయి. ఎవరింట్లో కంప్యూటర్ మొరాయించినా ముందు రఘువీర్‌కే కబురు. ఎయిర్‌ఫోర్స్‌లో ఇరవై రెండేళ్ళు రేడియో సెట్లు బాగుచేసి రిటైరైనవాడు. పని వచ్చు. పనితోపాటు నోరూ వచ్చు. మనుషుల్లో సగంమందికి బుర్ర లేదనీ, మిగతా సగం ఉన్నా వాడరనీ అతని గట్టి నమ్మకం.

జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఛాయాదేవి ఫోన్ చేసింది. ఆమెది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. సెలవురోజుల్లో చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివి, రికార్డు చేసి పంపుతుంది.

"చదువుతూ ఉండగానే సౌండు పోయింది అన్నయ్యగారూ. గురువారం పిల్లలకి పరీక్ష. ఇంకా మూడు పాఠాలున్నాయి."

"సౌండు దానంతటదే పోదమ్మా. ఎవరో తెలివి చూపిస్తేనే పోతుంది," అంటూనే వచ్చాడు.

బయట పొగమంచు. నాలుగింటికే ఎదురింటి గోడ కనపడటం మానేసింది. వీధిలో చప్పుళ్ళు రికార్డింగులో పడకుండా ఛాయాదేవి తను రికార్డు చేసే చిన్నగదిలో కిటికీలకీ తలుపుకీ కంబళ్ళు కట్టేసింది. లోపల అడుగుపెడితే మన ఊపిరి మనకే వినపడుతుంది.

"ఇది గదా, గోదామా?" అన్నాడు రఘువీర్, కుర్చీలో కూలబడుతూ.

మ్యూట్‌లో లేదు. స్పీకర్లు తీసి ఫోన్‌కి తగిలిస్తే చక్కగా పలికాయి. సౌండుని నడిపే డ్రైవర్ ప్రోగ్రాం పీకేసి మళ్ళీ ఎక్కించాడు. 'ఈ పరికరం సరిగానే పనిచేస్తోంది' అంది కంప్యూటర్.

"చూశారా, ఇదీ మనుషుల దగ్గర అబద్ధాలు నేర్చింది."

కంప్యూటర్ ఆపి, వెనక ప్లగ్గు పీకి, డబ్బా విప్పాడు. దుమ్ములోంచి సౌండ్ కార్డు లాగి, మురికి పోయేలా దాని పసుపురంగు అంచుని రబ్బరుతో రుద్దడం మొదలుపెట్టాడు. స్పీకర్ వైరు దేనికీ తగలకుండా బల్ల అంచున వేలాడుతోంది.

అప్పుడు స్పీకర్లోంచి బుస్సుమని గాలి చప్పుడు. గదిలో ఎక్కడినుంచో నొప్పుల మందు వాసన.

ఛాయాదేవి లేచి నిలబడింది.

"కూర్చోండమ్మా," అని నవ్వాడు. "స్పీకర్‌కి కరెంటుంది. వైరు ఏరియల్లాగా గాల్లోంచి ఏ రేడియోనో పట్టింది. దీనికే దెయ్యమని ఇళ్ళు ఖాళీచేసే మహానుభావులున్నారు."

గాలి చప్పుడు సన్నబడింది. దాని అడుగునుంచి ఒక మగగొంతు.

"మళ్ళీ మొదలెట్టావా?"

కాసేపు ఏమీ లేదు. ఎవరో జవాబు చెబుతుంటే ఆగినట్టు.

"ఏం లేదు. గ్యాసు. అరగక."

మళ్ళీ ఖాళీ. ఈసారి ఎక్కువసేపు...

"నాటకాలు చాలు అన్నపూర్ణా. పడుకో."

రఘువీర్ చేతిలో రబ్బరు ఆగిపోయింది.

"అన్నయ్యగారూ..." ఛాయాదేవి గుసగుసగా అంది. "అది మీ గొంతు."

అతనికి తెలుసు. నాలుగేళ్ళ కిందట, ఢిల్లీ కంటోన్మెంట్ క్వార్టర్లో అన్న మాటలు. గదిలో అతనూ భార్యా ఇద్దరే ఉన్నారప్పుడు. తెల్లారేసరికి, ఛాతీకి నొప్పుల మందు రాసుకుని పడుకున్న అన్నపూర్ణేశ్వరి ఒళ్ళు చల్లబడిపోయింది. నిద్రలోనే పోయింది, ఏ బాధా పడలేదు అని చుట్టాలందరికీ చెప్పాడు. చెప్పి చెప్పి తనూ నమ్మాడు.

స్పీకర్ ప్లగ్గు పట్టి లాగాడు. ఎర్రలైటు ఆరిపోయింది.

నొప్పుల మందు వాసన మాత్రం పోలేదు. దగ్గరైంది...

"ఏంటి?" అంది ఆరిపోయిన స్పీకర్, విసుగ్గా. "నువ్వే లేచి తెచ్చుకో. కాళ్ళు లేవా?"

కార్డు బల్లమీద పడేసి, తలుపుకి కట్టిన కంబళి చింపినంత పని చేసి, చెప్పులు కూడా వేసుకోకుండా మంచులో పడ్డాడు రఘువీర్. ఇల్లు చేరేదాకా వెనక్కి తిరగలేదు. దారిలో వాచ్‌మన్ "క్యా హువా సాబ్?" అంటే, జీవితంలో మొదటిసారి, వాణ్ణి తిట్టలేదు.

మర్నాడు సాయంత్రం ఛాయాదేవి ఫోన్. ఎత్తాలా వద్దా అని చాలాసేపు చూసి ఎత్తాడు.

"మా ఆఫీసతను వచ్చి కార్డు పెట్టాడు అన్నయ్యగారూ. పాడవలేదట. పెట్టగానే పలికింది. మూడు పాఠాలూ పంపేశాను." నిన్నటి సంగతి ఆమె ఎత్తలేదు. అతను ఊపిరి పీల్చుకున్నాడు.

"అచ్ఛా... మంచిదమ్మా."

"అన్నయ్యగారూ," ఆమె గొంతు తగ్గింది. "మీ ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. ఎందుకు?"

"ఎవరో ఆవిడ మంచినీళ్ళు అడుగుతోంది. మీరు ఫోన్ ఎత్తినప్పటినుంచీ... మీకు వినబడటం లేదా?"

రఘువీర్ చెవులు రిక్కించాడు. వంటిల్లు, వరండా, మంచం. ఎక్కడా ఏమీ లేదు. ఫ్రిజ్ చప్పుడు తప్ప.

పరుగున వెళ్ళి గ్లాసు నింపాడు. సగం నీళ్ళు చేతిమీదే ఒలికాయి. మంచం పక్కన స్టూలు మీద పెట్టి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఇచ్చాను," అన్నాడు ఫోన్లోకి, చిన్నగా. "ఇచ్చానమ్మా."

అటువైపు ఛాయాదేవి వింటోంది.

"ఇంకా అడుగుతోంది అన్నయ్యగారూ..."