రెబెక్క ఇంటి బోరింగు

ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. బొగ్గు గనులు ఆగిపోయి, కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. మన్సూరాబాద్‌లో మా అపార్ట్‌మెంటు మోటారు ఆగినప్పుడల్లా అందరం బిందెలు పట్టుకుని పక్కింటి రెబెక్క వాకిట్లోని చేతి బోరింగుకు వెళ్ళేవాళ్ళం. ఆమె ఏనాడూ కాదనలేదు.

మేము కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళం. మా ఆయన సాంబమూర్తి అపార్ట్‌మెంటు సంఘానికి పెద్ద. పాత బోరు చాలడం లేదని, రెబెక్క వాళ్ళ ప్రహరీ పక్కనే కొత్త బోరు వెయ్యి అడుగులు దింపించారు. కొబ్బరికాయ నేనే కొట్టాను. కొద్ది రోజులకే రెబెక్క బోరింగులో నీళ్ళు ఆగి గాలి రావడం మొదలైంది. ఇంట్లో కూతురు జోస్నా పచ్చి బాలింత.

రెబెక్క భర్త దేవానందం ఊరేగింపు నుంచి వస్తూ మా గేటు దగ్గర ఆగి, నవ్వుతూనే అన్నాడు. "మీవోళ్ళు తీస్కపోయింది కృష్ణా నీళ్ళే అనుకున్న పెద్దమ్మా. మా బోరింగు గూడ తీస్కపోయిండ్రు గద."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. రోజూ రెండు బిందెలు పంపుదామంటే, మనకే చాలడం లేదన్నారు మా ఆయన. నేను మళ్ళీ అడగలేదు.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. వీధంతా మసక చీకటి, దోమల మోత, మురుగు వాసన. అంతలో ప్రహరీ అవతల బోరింగు చప్పుడు. కీచు... కీచు... ఆ వెనకే నీళ్ళు పడుతున్న శబ్దం.

ప్రాణం లేచొచ్చింది. అయితే వాళ్ళ బోరింగు ఎండలేదు, ఆ పాపం మాది కాదు అనుకున్నాను. మరుక్షణమే నేను చేసిన పని, బిందె తీసుకుని బయలుదేరడం.

వాకిట్లో ఒక ఆడమనిషి అటు తిరిగి బోరింగు కొడుతోంది. తడిసిన చీర. చెరువు మట్టి వాసన, చల్లగా. రెబెక్కే అనుకుని బిందె పెట్టాను.

సగం నిండాక గుసగుసగా అడిగింది. "ఇంక గావాల్నా?"

"ఇంకొంచెం."

కీచు... కీచు...

తడి వాసన పోయి దుమ్ము వాసన వచ్చింది. అప్పుడు చూశాను, పిడి మీది చేతిని. ఎండిన చెరువు అడుగులా చర్మం నెర్రెలు విచ్చుతోంది. కొట్టిన ప్రతిసారీ ఒక నెర్రె... మోచేతి దాకా... భుజం దాకా... ఆ నీళ్ళు భూమిలోంచి రావడం లేదు.

"ఇంక గావాల్నా?" గొంతు గరగరలాడింది.

బిందె నిండడానికి నాలుగు వేళ్ళే తక్కువ. నాకు అర్థమైంది. భయమూ వేసింది. అయినా బిందె తీయలేదు.

నోరు తెరిచి ఏదో అన్నాను.

పిడి ఆగింది. బోరింగు దగ్గర ఎవరూ లేరు. చప్టా మీద పొడిమట్టి కుప్ప. ఇంటి తలుపుకు తాళం. రెబెక్క వాళ్ళు మధ్యాహ్నమే పసిబిడ్డతో దిల్‌సుఖ్‌నగర్‌లో చెల్లెలింటికి వెళ్ళిపోయారట. మళ్ళీ తిరిగి రాలేదు.

మరుసటి ఎండాకాలం కాలనీలో బోర్లన్నీ ఎండిపోయాయి. మాది ఎండలేదు. పక్క వీధుల వాళ్ళు బిందెలతో వస్తే మావాళ్ళు గేటు వేసేసేవారు. అదృష్టమంటే మాదేనని ఇప్పటికీ అంటారు.

ఈమధ్య నాకు మతిమరుపు ఎక్కువైంది. ఆ సాయంత్రమంతా కళ్ళకు కట్టినట్టుంది, ఒక్కటే జారిపోయింది. చివర నేనన్నది "చాలు" అనా... "ఇంకా" అనా... ఎంత తలుచుకున్నా గుర్తు రాదు.

మొన్న కడగడానికని ట్యాంకు పూర్తిగా ఖాళీ చేశారు. కరెంటు కూడా లేదు. వంటింట్లో కుళాయి తిప్పి చూశాను.

నీళ్ళు వచ్చాయి.