ఆదెమ్మ బ్లాకు

పోయింది అరచెయ్యంత జింకు రేకు. చెక్కముక్కకు మేకులతో బిగించి ఉంటుంది. పాత సామాన్లవాడి తక్కెట్లో వేస్తే చాయ్ ఖర్చు కూడా రాదు.

అయినా ‘ఏజెన్సీ కబురు’ వారపత్రిక సంపాదకుడు వెంకటరామారావు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని జూలూరుపాడు పోలీస్ స్టేషన్‌కు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

“రేపు శుక్రవారం మేడం. పత్రిక రావాలి.”

ఎస్.ఐ. రాజ్యశ్రీ నిరుడు బదిలీ మీద వచ్చింది. ఆ పేరుతో ఊళ్లో ఒక పత్రిక ఉందని ఇప్పుడే విన్నది.

స్పాట్ చూడడానికి వెళ్లింది. బస్టాండ్ వెనక పెంకుటిల్లు. కాలితో తొక్కే ట్రెడిల్ మెషిన్. చెక్క గళ్లలో సీసపు అక్షరాలు. గోడ బీరువా నిండా బ్లాకులు, అలాంటి జింకు రేకులే. ఫోటోలు అచ్చు వేయడానికి ఆ రోజుల్లో విజయవాడలో చేయించినవి. సర్పంచులు, పెళ్లికొడుకులు, టెన్త్‌లో ఫస్టొచ్చిన పిల్లలు, పోయినవాళ్లు. సగం మండలం ఆ బీరువాలో సర్దుకుని కూర్చుంది. ఒక్కచోట మాత్రం దుమ్ములో చదరంగా ఖాళీ.

ఇంటి తాళం పగలలేదు. అసలు బీరువాకు తాళమే లేదు.

“ఎవరి బ్లాకు?”

“ఆదెమ్మది.”

పాతికేళ్ల కిందటి సంగతి. ఆదెమ్మ తునికాకు కోతకని అడవికి పోయింది. మళ్లీ రాలేదు. మొగుడు దూలయ్య ఇంట్లో ఉన్న ఒక్క ఫోటో తెచ్చి ఈ బల్ల మీద పెట్టాడు. బ్లాకు కోసం పంపిన ఫోటో వెనక్కి రాలేదు. అప్పట్లో అంతే, ఫోటో పోయి బ్లాకు మిగిలేది. ‘కనబడుటలేదు’ ప్రకటన పడింది. దొరికేదాకా వేస్తానని సంపాదకుడు మాటిచ్చాడు. దూలయ్య చంటిపిల్లను చంకనేసుకుని అశ్వారావుపేట వైపు పామాయిల్ తోటల్లోకి కూలికి పోయాడు.

అప్పట్లో కబురు కట్టలు మొదటి బస్సుకే చండ్రుగొండ చేరేవి. ఆకు కట్ట ధర, తప్పిపోయిన బర్రె, వాగు పొంగి ఆగిన దారి, అన్నీ అందులోనే. తర్వాత పెద్ద పత్రికలకు జిల్లా పేజీలొచ్చాయి. ఆ తర్వాత ఫోన్లొచ్చాయి. ప్రకటనలు పోయాయి, పాఠకులు పోయారు, పనివాళ్లు పోయారు. భార్య రాఘవమ్మ పోయింది.

ఇప్పుడు కబురు ఒక్క కాగితం, ఒక్క వైపే అచ్చు. పైన పత్రిక పేరు, కింద ఆదెమ్మ. ఇంకేమీ ఉండదు. శుక్రవారం తనే అచ్చేసి, తనే బస్టాండ్ స్తంభాలకు అంటిస్తాడు.

పోయినవారం కాగితం రాజ్యశ్రీ చేతికి తీసుకుంది. బ్లాకు అరిగిపోయింది. ముఖం నల్లటి ముద్ద. ఎడమ భుజం మీద పైట మాత్రం తెలుస్తోంది.

ఆమెకు సంగతి బోధపడింది. ఆ రేకు లేకపోతే ఈయనకు శుక్రవారం లేదు.

ఇంట్లోకి వచ్చిపోయేవాళ్లు ఎవరని అడిగింది. ముగ్గురే తేలారు.

మొదటివాడు సంపాదకుడి అన్న కొడుకు సాయికిరణ్. ఆ గదిలో పురుగుమందుల షాపు పెట్టాలని వాడి ఆశ. దాచుకోలేదు. తను దొంగనైతే ఒక్క బ్లాకుతో ఆగుతానా, మెషిన్‌తో సహా డీసీఎం లారీ ఎక్కించేవాణ్ని కదా అన్నాడు. నిజమే అనిపించింది.

రెండోవాడు చాంద్ పాషా. ఒకప్పుడు అక్కడ అక్షరాలు కూర్చినవాడు, ఇప్పుడు ఫ్లెక్సీ షాపు ఓనరు. పాత కాగితం స్కాన్ చేసి కొట్టిస్తానంటే, అది ఫ్లెక్సీ అవుతుంది గాని పత్రిక కాదని సారు గదమాయించాడట.

“నా మీద అనుమానమా సారుకు? ఉండనియ్యి మేడం. గట్లనన్నా నా దుకాణం గడప తొక్కుతడు.”

మూడో మనిషి భాను. ప్రభుత్వ దవాఖానా నర్సు. సంపాదకుడికి షుగర్ చూసి పోతుంటుంది. దవాఖానా వెనకాల కిరాయి గదిలో ఒక్కతే ఉంటుంది. చాయ్ పెట్టింది. బ్లాకు గురించి తనకేమీ తెలియదంది. గోడకు ఒక ఆడమనిషి ఫోటో, దానికి బంతిపూల దండ. రంగులు ఫోన్ యాప్‌లో వేయించినట్టున్నాయి. బుగ్గలు మరీ నునుపు.

“మా అమ్మ. చిన్నప్పుడే పోయింది” అంది భాను.

రాజ్యశ్రీ బయటికొచ్చింది. ఆ ఫోటోలో ఏదో ఎదురు తిరిగి ఉంది. ఏమిటో అందలేదు. రాత్రి క్వార్టర్‌లో ఒక్కతే అన్నం తింటున్నప్పుడూ అందలేదు.

శుక్రవారం పొద్దున ప్రెస్సుకు వెళ్లేసరికి సంపాదకుడు మెషిన్‌కు నూనె పెడుతున్నాడు. అచ్చు వేయడానికేమీ లేకపోయినా చేతులు ఊరుకోవడం లేదు. పోయినదాని విలువ చెప్పాలనుకున్నాడేమో, పాత సర్పంచి బ్లాకు ఒకటి తీసి, సిరా రాసి, ఒక ముద్ర తీసి చూపించాడు.

రాజ్యశ్రీ బ్లాకు చూసింది. కాగితం చూసింది. మళ్లీ బ్లాకు చూసింది.

“ముగ్గుర్నీ పిలిపించండి సార్.”

వచ్చారు. సంపాదకుడు మెషిన్ పక్కనే నిలబడ్డాడు.

“పైట ఎటు వేసుకుంటాం భానూ?” రాజ్యశ్రీ అడిగింది.

“ఎడమ భుజం మీద.”

“మీ అమ్మ ఫోటోలో కుడి భుజం మీదుంది. ఎందుకు?”

భాను భుజానున్న బ్యాగును దగ్గరికి లాక్కుంది.

రాజ్యశ్రీ సర్పంచి బ్లాకును, కాగితాన్ని పక్కపక్కన పెట్టింది. బ్లాకులో జేబు కుడి రొమ్ము మీద, కాగితంలో ఎడమ రొమ్ము మీద.

“బ్లాకులో బొమ్మ తిరగబడి ఉంటుంది. కాగితం మీద పడితేనే సరవుతుంది. ఈ గదిలో పనిచేసినవాళ్లెవరికైనా అది తెలుసు. చాంద్ పాషా తీసుంటే బొమ్మను తిప్పి పెట్టేవాడు. తెలియనివాళ్లు రేకునే ఫోటో తీసి, రంగులేసి, దండేశారు.”

భాను బ్యాగు తెరిచింది. దూది కట్టలో చుట్టిన బ్లాకు తీసి బల్ల మీద పెట్టింది.

“కాగితం మీద అమ్మ ముఖం కంటికి ఆనలే మేడం. ఈ రేకు వెలుగుకు పట్టుకుంటే ఆనింది.”

సంపాదకుడు ఆమె వైపు చూశాడు. “నువ్వు దూలయ్య కూతురివా?”

“అవ్ సార్. ఎండాకాలం నాయిన పోయిండు. పోయేదాక తలుపుకు గడియ పెట్టనియ్యలే, అమ్మ వస్తదని. నేను ఇంక సాలనుకున్న. దండేసిన. మీరేమో ప్రతి శుక్రారం బస్టాండ్ల నిలబెడుతున్నరు. షుగర్ చూడొచ్చినప్పుడు ఇంక ఆపుండ్రని అడిగిన గద.”

“దొరికేదాకా అని మీ నాన్నకు మాటిచ్చానమ్మా.”

“నాయిన లేడు. ఉన్నది నేనే. నేను ఎదురుచూడలేను సార్.”

సాయికిరణ్ ఫోన్ మోగితే నొక్కేశాడు.

వెంకటరామారావు చెక్క గళ్ల దగ్గరికి వెళ్లాడు. అక్షరాలు ఒక్కొక్కటే ఏరాడు. బ్లాకు బిగించాడు. ట్రెడిల్ ఒకే ఒక్కసారి తొక్కాడు. కాగితం మీద ‘కనబడుటలేదు’ లేదు. ‘ఆదెమ్మ. దూలయ్య భార్య. భాను తల్లి.’ అంతే.

భాను ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. పైట ఎడమ భుజం మీదే ఉంది. మడత పెట్టకుండా రెండు చేతులతో పట్టుకుంది.

ఆయన బ్లాకును కిరసనాయిలు గుడ్డతో తుడిచి ఆమెకే ఇచ్చేశాడు. కేసు వద్దని రాజ్యశ్రీకి సంతకం చేసిచ్చాడు. మిగతావాళ్లు వెళ్లిపోయారు.

అచ్చయ్యాక అక్షరాలు విడదీసి ఏ గడిది ఆ గడిలో వేయాలి, వచ్చేవారానికి. ఆయన అదే పని మొదలుపెట్టాడు. నెమ్మదిగా వేశాడు. రాజ్యశ్రీ గుమ్మంలోనే నిలబడి చూసింది. చివరి అక్షరం కూడా గడిలో పడింది.

“చేతులు కడుక్కుంటానమ్మా” అన్నాడాయన. కాని కదల్లేదు. నల్లటి వేళ్లు చూసుకుంటూ అక్కడే కూర్చున్నాడు.