గేటు అవతల తమ్ముడు

ఆ ఉదయం ఇడ్రిస్ నల్లబూట్లకు పాలిష్ పెడుతున్నాడు. వంటింట్లో అతని భార్య మేయిర్ పందిమాంసపు హ్యామ్ ముక్కలు కోస్తోంది. పదకొండింటికి ఇడ్రిస్ తల్లి ఖననం. ఆ తర్వాత వచ్చినవాళ్ళందరికీ రగ్బీ క్లబ్బులో టీ.

"మరి ఎమ్లిన్ ఎక్కడ తాగుతాడు టీ?" అంది కత్తి ఆపకుండా.

ఇడ్రిస్ రెండో బూటు అందుకున్నాడు. ఇరవై రెండేళ్ళ కిందట తమ్ముడు ఎమ్లిన్, జీతం లేకుండా ఆడే ఇక్కడి పదిహేనుమంది రగ్బీ వదిలేసి, ఉత్తరాదిలో జీతానికి ఆడే పదమూడుమంది రగ్బీకి వెళ్ళిపోయాడు. అలా వెళ్ళినవాడు మళ్ళీ క్లబ్బు గడప తొక్కకూడదని ఈ లోయ కట్టుబాటు. ఆ వెలివేత ఉత్తరం మీద కార్యదర్శిగా సంతకం పెట్టింది ఇడ్రిసే.

"రూలు రూలే. వాడికీ తెలుసు."

"తెలుసు కాబట్టే నోరెత్తలేదు. అక్కడ రెండు క్లబ్బులు నడిపాడు. మోకాలు పోయిన ఆటగాళ్ళను వీధిన పడెయ్యకుండా తన మైదానంలోనే పని చూపించాడు. అలాంటివాణ్ణి కన్నతల్లి టీకి బయట నిలబెడతావా?"

"నిలబెట్టేది నేనా? క్లబ్బు."

"అబ్బో, క్లబ్బట. ఆ రోజు ఆటగాళ్ళను వెతుక్కుంటూ ఉత్తరాది క్లబ్బు వాళ్ళు వచ్చి తలుపు తడితే నీకోసమే అనుకుని కోటు తొడుక్కుని దిగావు. వాళ్ళడిగింది నీ తమ్ముణ్ణి. నీ మంట అదీ. నాకు తెలుసు, మీ అమ్మకీ తెలుసు."

ఇడ్రిస్ అప్పటికే మెరుస్తున్న బూటును మళ్ళీ రుద్దడం మొదలెట్టాడు.

శవపేటికను ముందువైపు అన్నదమ్ములిద్దరే మోశారు. తిరిగొస్తూ క్లబ్బు గేటు దగ్గర ఎమ్లిన్ ఆగి టోపీ తీశాడు.

"నువ్వు పద అన్నయ్యా. నేను గేటు పట్టుకుంటాలే. ముసలాళ్ళకి కష్టం."

లోపలికెళ్ళిన ఇడ్రిస్ కిటికీలోంచి చూశాడు. సన్నటి వానలో తమ్ముడు ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పలకరిస్తూ, గేటు తీసి పట్టుకుని లోపలికి పంపుతున్నాడు. తను మాత్రం గేటు కింది ఇనపపట్టీ దాటలేదు. ఇంత అవమానాన్ని ఇంత నిటారుగా మోసినవాణ్ణి ఇడ్రిస్ ఈ లోయలో ఇంకొకణ్ణి చూడలేదు.

"మేయిర్, బల్ల ఆ చివర పట్టుకో."

"ఎక్కడికయ్యా కార్యదర్శీ?" అన్నాడు అధ్యక్షుడు.

"గేటు బయటికి. అక్కడ మన రూలు లేదు."

హ్యామ్, రొట్టె, టీ పాత్రతో సహా బల్ల వానలోకి వెళ్ళింది. ఒకరి వెనక ఒకరు కప్పులు పట్టుకుని ఊరంతా బయటికొచ్చింది. చివరికి అధ్యక్షుడు కూడా.

ఇడ్రిస్ టీ వంపుతూ తల దించుకున్నాడు. "వాళ్ళు అడిగింది నిన్నని నాకు కడుపుమంటరా. ఇన్నేళ్ళూ దానికి రూలని పేరు పెట్టుకున్నా."

"తెలుసన్నయ్యా. నాకంటే మా అన్న బాగా ఆడతాడని ఆ రోజే చెప్పాను వాళ్ళకి. వినలేదు."

కప్పు నిండి పొంగి సాసర్లోకి పోతున్నా ఇడ్రిస్ వంపుతూనే ఉన్నాడు.